అనధికార నవ్వు

మన రాష్ట్రంలో జనం తగినంతగా నవ్వడం లేదని ప్రభుత్వం కనిపెట్టిన రోజున నేను వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తున్నాను. టీవీలో ఒక పెద్దమనిషి సర్వే కాగితం ఊపుతూ, తలసరి నవ్వులో మనం పంతొమ్మిదో స్థానంలో ఉన్నామనీ, ఇది సిగ్గుచేటనీ, మూడేళ్లలో మొదటి అయిదు స్థానాల్లోకి రాకపోతే ఎవరినీ ఉపేక్షించేది లేదనీ హెచ్చరించాడు. నవ్వు గురించి అంత కోపంగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. భయం వేసింది. ఆ వెనకాలే ఆశ కూడా పుట్టింది, ఎందుకంటే నేను హాస్య రచయితని.

హాస్య రచయితని అంటే, నా దగ్గర ‘వంటవాడు అలిగాడు’ అనే నాటిక ఉంది. రాసింది నేనే, చదివింది కూడా నేనే. మా ఆవిడ హైమ టైపు చేసి పెట్టింది కాబట్టి ఆమె కూడా చదివినట్టే లెక్క. కానీ టైపు చేస్తున్నంతసేపూ ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తుంది. నా నాటికనీ అలాగే చేసింది.

ఆమెకి హైదరాబాదు బదిలీ అయినప్పుడు నేను ఏలూరులో జువాలజీ లెక్చరరు ఉద్యోగం వదిలేసి వెంట వచ్చాను. ఊరు మారడం కన్నా ఆ సాకుతో రచయితనవ్వాలనే దురద ఎక్కువ. యూసుఫ్‌గూడలో ఇల్లు తీసుకున్నాం. మా వీధిలో ప్రతి రెండో గదిలోనూ ఒక కామెడీ స్క్రిప్టు ఉంటుంది. పాలు పోసే అతను కూడా చెంబు అందుకుంటూ “ఏం రాస్తున్నరు సార్ ఇప్పుడు?” అని అడుగుతాడు, అతని దగ్గరా ఒకటి ఉంది మరి. స్క్రిప్టు రాయడం అక్కడ కష్టమేమీ కాదు, దాన్ని ఎవరి చేతనైనా చదివించడమే కష్టం. ఒక సినిమా కో-డైరెక్టరు కారులో వెళ్తూ వింటానంటే, కృష్ణానగర్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా చెప్పాను. ఆయన దిగుతూ “బాగుంది. ఇంకెవరికైనా చెప్పారా?” అన్నాడు. లేదన్నాను. “అయితే చెప్పండి” అని లోపలికి వెళ్లిపోయాడు.

హైమ ఏడాది ఓపిక పట్టింది. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఉగాది దాకా చూస్తానండీ. ఈలోపు మీ నాటిక చూసి నవ్వొస్తుందని ఎవరైనా ఒక్కరు, కాస్త హోదా ఉన్నవాళ్లు, ఒప్పుకుంటే సరే. లేకపోతే గుడివాడ వెళ్లి తమ్ముడి కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పండి. ఇంట్లో మీరు వానపాములా ముడుచుకుని కూర్చుంటే చూడలేకపోతున్నాను.”

నేను సరేనన్నాను. మా బావమరిది సుధీర్ అంతవరకు కూడా ఆగలేదు. అప్పుడే ఫ్లెక్సీ వేయించి ఫొటో పంపాడు. ‘ప్రఖ్యాత జువాలజీ నిపుణులు ఆదిశేషు గారు — త్వరలో.’ ఒక పక్క కప్ప, ఒక పక్క నేను. ఇద్దరి ఫొటోలూ ఒకే సైజు.

అలాంటి సమయంలో రాష్ట్ర హాస్య వికాస మండలి పుట్టింది. పుట్టీ పుట్టగానే ప్రకటన ఇచ్చింది. ఔత్సాహిక రచయితల నుంచి హాస్య నాటికలు తీసుకుని, ఒకదాన్ని ఎంపిక చేసి, అన్ని జిల్లాల్లోనూ ఆడిస్తారట. నేను ప్రకటన మొత్తం చదివాను. ఏడో నిబంధన దగ్గర ఆగి మళ్లీ చదివాను.

‘ప్రతి హాస్య సన్నివేశమునకు నవ్వు కలిగినట్లు గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ జతపరచవలెను. సదరు నవ్వు అధికారికి స్వయముగా కలిగినదై ఉండవలెను. ఇతరుల నవ్వును ధ్రువీకరించరాదు.’

నా నాటికలో పద్నాలుగు సీన్లు. అంటే నాకు పద్నాలుగు గెజిటెడ్ నవ్వులు కావాలి.

గెజిటెడ్ సంతకం అనగానే తెలిసినవాడెవడైనా పశువుల ఆసుపత్రికే పోతాడు. మిగతా అధికారులు ఎప్పుడూ మీటింగులో ఉంటారు. పశువుల డాక్టరు పశువు దగ్గర ఉంటారు, పశువేమో అందరికీ కనిపిస్తుంది. నేను వెళ్లేసరికి అక్కడ ఎడమవైపు గేదెలు, కుడివైపు రచయితలు వరసగా నిలబడి ఉన్నారు. మా వీధివాళ్లు చాలామంది కనిపించారు. గేదెల వరసే కాస్త ముందుకు కదులుతోంది.

డాక్టర్ సత్యవేణి గారు భుజం దాకా రబ్బరు తొడుగు వేసుకుని ఒక గేదెని పరీక్షిస్తున్నారు. నావైపు తల తిప్పకుండానే “ఏం సంతకం? మార్కుల లిస్టా, ఆధార్ కార్డా?” అన్నారు.

“నవ్వండి మేడమ్.”

“ఏంటి?”

“మీరు నవ్వాలి మేడమ్. నవ్వి సంతకం పెట్టాలి.”

ఆవిడ చెయ్యి బయటికి తీసి, కడుక్కుని, నా ఫారం అందుకున్నారు. పైకి చదవడం మొదలుపెట్టారు.

“కాలమ్ నాలుగు, నవ్వు స్వభావము. చిరునవ్వు, పకపక, పొట్టచెక్కలు. వర్తించని వాటిని కొట్టివేయుము. కాలమ్ అయిదు, నవ్వు ప్రారంభ సమయము, ముగింపు సమయము. కాలమ్ ఆరు, నవ్వినపుడు కనిపించిన దంతముల సంఖ్య.” ఆవిడ ఆగి గేదెవైపు చూశారు. “పళ్లు చూసి వయసు చెప్పేది దీనికయ్యా, నాక్కాదు!”

ఆ తర్వాత ఆవిడ నవ్విన నవ్వుకి గేదె కూడా వెనక్కి తిరిగి చూసింది. ఆ నవ్వు ఆగేలోపు నేను పద్నాలుగు ఫారాల మీదా ముద్ర కొట్టించుకున్నాను. నా నాటిక సంచిలోంచి బయటికే రాలేదు. ఇది మోసం కాదా అంటే మోసమే. కానీ పక్కనే కప్ప ఉన్న ఫ్లెక్సీ మీద మీ ఫొటో ఉంటే మీరూ ఇదే చేస్తారు.

మండలి ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు పేరు లక్ష్మీపతి. సన్నటి మనిషి, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు. ఆయన నా ఫైలుని నాలుగు రోజులు చదివారు. నేను రాసినదాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా చదవడం నా జీవితంలో అదే మొదలని పొంగిపోయాను. ఆయన చదివింది ఫారాలు మాత్రమేనని తర్వాత తెలిసింది.

“ఆదిశేషు గారూ, ఒక సందేహం నివృత్తి కావలసి ఉన్నది” అన్నారు, ఎర్ర పెన్ను మూత తీస్తూ. “సదరు అధికారిణి ఉదయము పదకొండు గంటల ఇరవై నిమిషములకు పద్నాలుగు సార్లు నవ్వినట్లు కనబడుచున్నది. ఇవి పద్నాలుగు నవ్వులా, లేక ఒకే నవ్వునకు పద్నాలుగు నకళ్లా?”

“బాగా నవ్వు వచ్చిందండీ. వరసగా వచ్చేసింది.”

“సరే. నవ్వు కలిగిన సమయమున అచ్చట ఒక గేదె ఉన్నట్లు ఆసుపత్రి రిజిస్టరు తెలుపుచున్నది. నవ్వులో గేదె పాత్ర ఎంత?”

“గేదె ఏమీ చెయ్యలేదండీ.”

“ఆ మాట మీరు చెప్పుట చెల్లదు. గేదె ఎట్టి హాస్య చేష్టలకూ పాల్పడలేదని దాని యజమాని చేత వ్రాయించి తీసుకొని రండి.”

రాయించి తెచ్చాను. గేదెగలాయన వేలిముద్ర వేసే ముందు నన్ను చాలాసేపు చూశాడు. లక్ష్మీపతి గారు ఆ కాగితాన్ని ఫైల్లో గుచ్చుతూ, జీవితంలో ఒక పని సక్రమంగా జరిగిందన్న తృప్తితో కళ్లు మూసుకున్నారు.

ఆ నెలరోజుల్లో మండలి ఆఫీసులో నన్ను మనిషిగా చూసింది అటెండరు సాయిలు ఒక్కడే. యాభై అయిదేళ్లుంటాయి. చేతిలో ఎప్పుడూ టీ గ్లాసుల ట్రే. నేను వరండాలో బెంచీ మీద పడిగాపులు పడుతుంటే పక్కన కూర్చునేవాడు.

“ఏం కథ సార్ మీది?”

“ఒక పెళ్లి. భోజనాల వేళకి పెళ్లికూతురి మేనమామ సాంబారు రుచి చూసి, ఉప్పు లేదంటాడు. వంటవాడికి రోషం వచ్చి, సామాన్ల గది తాళంచెవి మొలకి చుట్టుకుని, డాబా మీద నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చుంటాడు.”

“అబ్బ! మరి అన్నం?”

అంతలో బెల్లు మోగేది. డైరెక్టరు గారికి టీ. సాయిలు లేచి వెళ్లిపోయేవాడు. మర్నాడు మళ్లీ వచ్చి “ట్యాంకెక్కిండు, ఆనెంక?” అనేవాడు. నేను ఇంకో ముక్క చెప్పేవాణ్ణి. వంటవాడు దిగనంటాడు. ఉప్పు లేదన్నవాడే వచ్చి, అందరి ముందూ ఆ సాంబారు తిని, ఉప్పు సరిపోయిందని చెప్పాలంటాడు. ఈలోపు ఎందుకొచ్చిన గొడవలెమ్మని మేనమామ గుట్టుచప్పుడు కాకుండా గుప్పెడు ఉప్పు వేసేస్తాడు. పెళ్లికూతురి తండ్రీ అలాగే అనుకుని ఒక గుప్పెడు. వియ్యంకుడు ఒక గుప్పెడు. పురోహితుడు కూడా మంత్రం మధ్యలో లేచి వెళ్లి ఒక గుప్పెడు.

“నలుగురేసిన్రా?” సాయిలు ట్రే కింద పెట్టేశాడు. “మరి గాయన తినాల్నా సార్ అది? అందరి ముంగటా?”

బెల్లు మోగింది. సాయిలు ఆ రోజు బెల్లుని తిట్టుకుంటూ వెళ్లాడు.

ఉగాదికి ఆరు రోజులుందనగా నన్ను విచారణకి పిలిచారు. అంటే, మండలి సభ్యుల ముందు నాటిక చదివి వినిపించాలి. లోపలికి వెళ్లే ముందు లక్ష్మీపతి గారు ఒక సర్క్యులరు చూపించారు. క్రితం నెలలో ఎవరిదో నాటిక వింటూ ఒక డిప్యూటీ డైరెక్టరు, డైరెక్టరు గారి కన్నా ముందు నవ్వారట. ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఆ వెంటనే సర్క్యులరు వచ్చింది.

‘అధికారులందరికీ తెలియజేయునది. సమావేశములందు నవ్వు సీనియారిటీ క్రమములో ప్రారంభము కావలెను. పై అధికారి నవ్వు ఆరంభించిన పిదపనే క్రింది అధికారి ఆరంభించవలెను. పై అధికారి ముగించిన పిదప ఎవరూ కొనసాగించరాదు.’

గదిలో డైరెక్టరు పరాంకుశం గారు మధ్యలో, అటు ఇద్దరు ఇటు ఇద్దరు సభ్యులు. పరాంకుశం గారి పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దానిమీద కొత్త తువ్వాలు పరిచి ఉంది.

“ప్రభుత్వ కార్యదర్శి గారు మార్గమధ్యంలో ఉన్నారు. తాము చదువుతూ ఉండండి” అన్నారు పరాంకుశం గారు. “వారు రాగానే నవ్వుతాం.”

చదివాను. మొదటి సీను, రెండో సీను, మూడో సీను. అయిదుగురూ పోలీసు స్టేషన్లో సాక్షుల్లా కూర్చున్నారు. అయిదో సీనులో ఒకాయన మొహం ఎర్రబడింది. ఆరో సీనులో ఇంకొకాయన జేబురుమాలు నోట్లో కుక్కుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారో, దగ్గు ఆపుకుంటున్నారో ఎలా తెలుస్తుంది? డైరెక్టరు గారు మాత్రం ఖాళీ కుర్చీనే చూస్తున్నారు. ఎనిమిదో సీను అయ్యేసరికి, ఇదంతా నేను రాసిన చావుకబురేమో అన్న అనుమానం నాకే వచ్చింది.

తొమ్మిదో సీను మొదలవగానే తలుపు తోసుకుని సాయిలు టీ తెచ్చాడు. ఎవరూ టీ అడగలేదు. గ్లాసులు అందివ్వకుండా ట్రే పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

నేను చదివాను. పందిరంతా చూస్తుండగా మేనమామ సాంబారు గరిటెడు నోట్లో పోసుకుంటాడు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ట్యాంకు మీద నుంచి వంటవాడు అడుగుతాడు: ‘ఎలా ఉందండీ?’ మేనమామ మింగలేడు, కక్కలేడు. చివరికి రెండు చేతులూ జోడించి, ‘ఉందండీ’ అంటాడు.

సాయిలు నవ్వాడు.

మామూలు నవ్వు కాదు. లోపల ఎక్కడో నెలరోజులుగా దాచిపెట్టుకున్నది తెగి బయటపడ్డట్టు నవ్వాడు. ట్రే వంగింది. రెండు గ్లాసులు కిందపడి పగిలాయి. అది చూసి ఇంకా నవ్వాడు. ఆ నవ్వు వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. పదేళ్లుగా నేను ఎదురుచూసిన చప్పుడు అది. నిజంగా చెబుతున్నాను, నా పెళ్లిలో సన్నాయికి కూడా నేనంత సంతోషపడలేదు.

“ఎవరది?” అన్నారు పరాంకుశం గారు. గదిలో అందరికీ ఎవరో తెలుసు. అయినా నలుగురు సభ్యులూ నాలుగు వైపులా వెతికారు.

సాయంత్రానికల్లా సాయిలుకి మెమో ఇచ్చారు. లక్ష్మీపతి గారు నన్ను కూర్చోబెట్టి తర్కం వివరించారు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఇంత చక్కటి చిక్కు సర్వీసులో ఒకసారే వస్తుందన్నట్టుంది.

“చూడండి ఆదిశేషు గారూ. తమ నాటికలో హాస్యము ఉన్నదనుకుందాం. అట్లయిన అయిదుగురు అధికారులు ఎందుకు నవ్వలేదు? వారికి హాస్యము తెలియదని అర్థం వచ్చును. హాస్య వికాస మండలికి హాస్యము తెలియకపోవుట అసంభవము. కావున నాటికలో హాస్యము లేదు. అవునా?”

“మరి సాయిలు నవ్వాడు కదండీ?”

“అక్కడికే వస్తున్నాను. నాటికలో హాస్యము లేనపుడు అతడు దేనిని చూసి నవ్వినట్లు? గదిలో అధికారులు తప్ప మరేమియు లేదు. కావున అధికారులను చూసి నవ్వినాడు. సస్పెన్షను తప్పదు.” ఆయన గొంతు తగ్గించారు. “తమకు మాత్రం ఇది శుభపరిణామం. మిగిలిన నాటికలన్నింటిపై ఎవరో ఒకరి అభ్యంతరములు ఉన్నవి. దర్జీల సంఘం, అత్తగార్ల సంఘం, ఇంకా ఎవరెవరో. తమ నాటికలో నవ్వు పుట్టించు అంశమేదీ లేదని తాము ఒక వాంగ్మూలం సంతకం చేసినచో, ఎవరికీ అభ్యంతరం లేని ఏకైక హాస్య నాటిక అదే అగును. డైరెక్టరు గారు దానినే ఆమోదించుటకు సుముఖంగా ఉన్నారు. అన్ని జిల్లాల్లో ఆడిస్తాం.”

రెండు రోజుల గడువిచ్చారు. ఇంటికి వెళ్తే ఫోన్లో సుధీర్ కొత్త ఫొటో పంపాడు. ఫ్లెక్సీని గుడివాడ బస్టాండు ఎదురుగా కట్టించాడట. ‘త్వరలో’ అన్నచోట ‘ఉగాది నుండి’ అని అతికించి ఉంది.

మర్నాడు సాయిలు ఆఫీసు వెనక మెట్ల దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

“సస్పెండ్ చేస్తే ఎలా సాయిలూ?”

“క్వార్టర్ ఖాళీ జెయ్యాలె సార్. ఇంక ఆరేండ్ల సర్వీసున్నది. ఏం జేస్త, నవ్వొచ్చింది.” గ్లాసు వెలుతురుకి పెట్టి చూశాడు. “మీతోని అబద్ధమెందుకు. ఈ ఆఫీసు వెట్టిన కొత్తల ఒకసారి చాయ్‌ల చక్కెర మర్చిపోయిన. డైరెక్టర్ సారు తాగి మస్తుగున్నదన్నరు. ఇగ చూడు, అందరు తాగిన్రు, అందరు మస్తుగున్నదన్నరు. ఒకాయనైతే ఇంకో గ్లాసు అడిగిండు. మీరు సాంబారు సంగతి చదువుతాంటే గా మొఖాలన్ని ఎదురుంగనే ఉన్నయి సార్. నా వల్ల గాలే.”

నా మనసు చివుక్కుమంది. అంటే ఆ నవ్వు నాది కాదా? సగం నా నాటికది, సగం చక్కెర లేని టీది. కొంచెంసేపు మొహం ముడుచుకుని కూర్చున్నాను. తర్వాత నాకే అనిపించింది, ఎవరి టీ వాళ్లకి గుర్తురాకపోతే ఎవరైనా ఎందుకు నవ్వుతారు?

“అది సరే గని సార్,” అన్నాడు సాయిలు, “ఆనెంక ఏమైంది? సగంల ఆపిన్రు.”

ఉద్యోగం ఊడబోతున్న మనిషి అడుగుతున్నాడు, తర్వాత ఏమైందని. పదేళ్లలో ఆ ప్రశ్న నన్నడిగింది అతనొక్కడే.

“వంటవాడు గెలిచానని ట్యాంకు దిగి వస్తాడు. దర్జాగా గరిటె తీసుకుని తనూ రుచి చూస్తాడు. చూసి, కాసేపు ఆలోచించి, ‘మీరన్నది నిజమేనండోయ్, కొంచెం ఉప్పు తగ్గింది’ అని ఇంకో గుప్పెడు వేస్తాడు.”

సాయిలు మెట్ల మీద పడి పడి నవ్వాడు. ఈసారి గ్లాసులేమీ పగల్లేదు.

గడువు ముగిసిన రోజున మళ్లీ విచారణ. వాంగ్మూలం టైపు చేసి సిద్ధంగా పెట్టారు. సంతకం ఒక్కటే తక్కువ. పరాంకుశం గారు తన పెన్నే ఇచ్చారు. నేను వాంగ్మూలాన్ని తిరగేసి వెనక వైపు చేత్తో రాశాను. ‘నా నాటికలో నవ్వు వచ్చే అంశం ఉంది. పొరపాటున రాలేదు, నేనే కావాలని పెట్టాను. తొమ్మిదో సీనులో ఎక్కువగా పెట్టాను. సాయిలు దానికే నవ్వాడు.’

టీ సంగతి రాయలేదు. ఎంత నిజాయతీపరుడికైనా కొంత విచక్షణ ఉండాలి.

“అయితే మేమెందుకు నవ్వలేదంటారు?” పరాంకుశం గారి గొంతులో ఉరుము వినిపించింది.

“తమరు సర్క్యులరు పాటించారండీ. కార్యదర్శి గారు రాలేదు కదా. అంత నవ్వు వస్తున్నా నియమం తప్పలేదు. సాయిలుకి ఆ సర్క్యులరు వర్తించదండీ, అది ‘అధికారులందరికీ’ అని ఉంది. అతను అధికారి కాడు.”

లక్ష్మీపతి గారు సర్క్యులరు తీసి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. వేలితో పంపిణీ జాబితా తడిమారు.

“అటెండర్లకు నకలు పంపియుండలేదు సార్” అన్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. బాధతో కాదు, తర్కం అంత అందంగా కుదిరినందుకు. “అధికారులు నవ్వు కలిగియు నిగ్రహించుకొనిరి. అటెండరు నిర్దోషి. దోషము పూర్తిగా రచయితదే.”

తాను నవ్వు వచ్చి కూడా నిగ్రహించుకున్నానని తెలిసి పరాంకుశం గారు కొంచెం ఆశ్చర్యపోయారు. తర్వాత గర్వపడ్డారు. తీర్పు అప్పటికప్పుడే అయిపోయింది. ఉగాది ముందు రోజు ఆర్డరు ఇంటికి వచ్చింది. నేను బట్టలు సర్దుకుంటూ హైమ చేతికిచ్చాను. ఆమె రిపోర్టు చదివినట్టు చదవడం మొదలుపెట్టింది.

‘విచారణలో తేలినదేమనగా, “వంటవాడు అలిగాడు” అను నాటికలోని తొమ్మిదవ సన్నివేశము, నవ్వుటకు అధికారము లేని ఒక వ్యక్తికి, ఎట్టి ముందస్తు అనుమతి లేకుండా, సుమారు నలభై సెకన్ల పాటు పొట్టచెక్కలగు నవ్వు కలిగించినది. ఇందుచేత రెండు గాజు గ్లాసులు మరణించినవి. (సవరణ: పగిలినవి.) కనిపించిన దంతములు ఇరవై ఆరు. కావున సదరు రచయితను మండలి నుండి మూడు సంవత్సరములు బహిష్కరించడమైనది. బాధితుడగు అటెండరు కోలుకొనుటకు రెండు దినములు సెలవు మంజూరు చేయడమైనది.’

కింద గెజిటెడ్ అధికారి సంతకం, గుండ్రటి ముద్ర.

దంతముల దగ్గర హైమ పెదవి కదిలింది. బాధితుడి దగ్గర తట్టుకోలేక నా పెట్టె మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

“ఎవరు రాశారండీ ఇది? ఎంత బాగా రాశాడో!”

“నా నాటిక కూడా...”

“మీదీ బాగుంటుంది లెండి. ఇది వేరు.” కళ్లు తుడుచుకుని ఇంకోసారి చదివింది. తర్వాత ఫోన్ తీసుకుంది. “ఒరే సుధీర్, ఆ ఫ్లెక్సీలో మీ బావగారి మొహం మీద ఇంకెవరిదైనా అంటించు. కాదురా, రారు. నవ్వొస్తుందని గవర్నమెంటే ఒప్పుకుంది. ముద్ర కూడా ఉంది.”

ఆర్డరు నకలు మీద సంతకం కోసం పశువుల ఆసుపత్రికి వెళ్లాను. సత్యవేణి గారు చదివి, వరసలో ఉన్న రచయితలందరికీ చదివి వినిపించారు. గేదెలవాళ్లూ విన్నారు. “మా డాక్టర్ల సంఘం వార్షికోత్సవానికి ఆ నాటిక వేద్దామండీ. మా దగ్గర అంతా నవ్వుటకు అధికారము లేనివాళ్లే” అన్నారు. వేశాం. తెర లేవకముందు ఆర్డరు చదివితే పన్నెండుసార్లు నవ్వారు. నాటికకి తొమ్మిదిసార్లు. లెక్కపెట్టింది నేనే కాబట్టి తొమ్మిదిలో కొంచెం ఉదారంగా ఉన్నాను. మొదటి వరసలో కూర్చున్న సాయిలు అన్నిటికీ అందరికన్నా ముందు నవ్వాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం లక్ష్మీపతి గారు మా ఇంటికి వచ్చారు. చంకలో లావుపాటి సంచి. మంచినీళ్లు కూడా తాగకుండా కుర్చీ అంచున కూర్చున్నారు.

“ఆ దినము వెనుక వరుసలో నేనూ ఉన్నాను. నేను వ్రాసిన ఆర్డరు చదువుచుండగా జనం నవ్వినారు. ఏ వాక్యమునకు ఎందుకు నవ్వినారో తాము తెలుపగలరా?” అని, కొంచెం ఆగి, మామూలు మనిషిలా అన్నారు: “ఇరవై రెండేళ్లుగా రాస్తున్నానండీ. ఒక్కటీ ఎవరూ చివరిదాకా చదవలేదు. కింద సంతకం పెట్టేస్తారు, అంతే.”

నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఆ బాధ నాకు తెలుసు.

“ఒకటి చదవండి” అన్నాను.

ఆయన సంచిలోంచి పాత కాగితం తీసి, గొంతు సవరించుకుని, చాలా గంభీరంగా చదివారు. “విషయము: కార్యాలయపు పిల్లి. సదరు పిల్లి ఆదివారము నాడు ఒక ఎలుకను పట్టినట్లు తెలియవచ్చినది. సెలవు దినమున పట్టిన ఎలుకను సోమవారపు పనిగా చూపరాదు. ఇకపై సెలవు దినములలో ఎలుక తారసపడినచో, పిల్లి దానిని గుర్తుంచుకొని, పని దినమున పట్టవలెను.”

హైమ వంటింట్లోంచి పకపకా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. లక్ష్మీపతి గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆయన పెదవులు వణికాయి, బుగ్గలు ఉబ్బాయి. లేచి వెళ్లి వీధి తలుపు వేశారు. మేడమెట్ల వైపు తొంగిచూశారు. తనకన్నా పెద్ద అధికారి చుట్టుపక్కల ఎవరూ లేరని నిర్ధారించుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని, అప్పుడు నవ్వారు.